నలభై మూడు నిమిషాల జిల్లా

నా భార్య ఆదెమ్మ పట్నం రోడ్డులో నూట తొంభై ఆరో కిలోమీటరు రాయి దగ్గర, మధ్యాహ్నం పన్నెండూ పదికి చనిపోయింది. ప్రభుత్వం చంపింది. ఇందులో తేల్చాల్సిందేమీ లేదు. తేల్చాల్సింది ఉందనుకున్నవాళ్లు కూర్చుని ఏం తేల్చారో మాత్రం చెబుతాను.

నేను సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు నేల కొలిచే గొలుసు లాగాను. చైన్‌మన్ ఉద్యోగం. మా ఊరి బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ ఉద్యోగానికి అంతే కావాలి. మా పనిలో నియమం ఒకటే. కొలిచినవాడి కాలు కొలిచిన నేలమీద పడాలి. ముళ్లుంటే ముళ్లలోంచే పోవాలి. వాగుంటే దిగాలి. గట్టుమీద నిలబడి, అవతలికి ఇంత ఉంటుందిలే అని రాసిన ఒకణ్ణి మా సర్వేయరు ఉద్యోగంలోంచి తీయించాడు. అది పాతకాలం.

మా తుమ్మలమెట్ట ఆసుపత్రిలో నాలుగు డయాలసిస్ యంత్రాలు ఉండేవి. మాది మెట్టప్రాంతం, నీళ్లు మంచివి కావు. చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీలు పాడైనవాళ్లు పదకొండుమంది వారానికి రెండుసార్లు వచ్చి ఆ యంత్రాల పక్కన పడుకునేవాళ్లు. వాళ్లలో ఆదెమ్మ ఒకతె. పొద్దున బస్సెక్కి వెళ్లేది. మూడింటికి తిరిగొచ్చి బర్రెకు నీళ్లు పెట్టేది. అట్లా మూడేళ్లు బతికింది. ఇంకా బతికేది.

ఒకరోజు పైనుంచి జిల్లా ఆరోగ్య కార్యాలయానికి ఒక ఫారం వచ్చింది. అందులో పద్నాలుగో గడి: తదుపరి పెద్దాసుపత్రికి దూరం, ప్రయాణ సమయం. ఫారం నింపాల్సింది సీనియర్ అసిస్టెంట్ ఫణిభూషణరావు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నింపేముందు కాస్త ఆలోచించేవాడు.

పెద్దాసుపత్రి పట్నంలో ఉంది. పట్నానికి ఎంత దూరమో మా ఊళ్లో ఏ బస్సు కండక్టరును అడిగినా చెబుతాడు. రెండొందల అరవై రెండు కిలోమీటర్లు, ఒక ఘాటు రోడ్డు, రెండు రైలుగేట్లు, ఏడు గంటలు. కానీ కండక్టరు చెప్పింది రాస్తే పక్కన సుమారు అని రాయాలి. సుమారు అని రాస్తే పైనుంచి ప్రశ్న వస్తుంది. అందుకని ఫణిభూషణరావు కంప్యూటరును అడిగాడు. కంప్యూటరులో రెండు విమానాశ్రయాల మధ్య దూరం చెప్పే పేజీ ఒకటి దొరికింది. పట్నంలో విమానాశ్రయం ఉంది. మాకూ ఉంది. తెల్లవాళ్ల కాలంలో యుద్ధమొస్తే విమానాలు దిగడానికని ఊరికి పడమర పదకొండు కిలోమీటర్లలో నేల చదును చేసి సిమెంటు పోశారు. యుద్ధం అయిపోయింది. ఆ తర్వాత దానిమీద దిగినవి కాకులే. ఏటా మిరపకాయలు ఎండబెడతారు. అయితే లోకంలోని విమానాశ్రయాల జాబితాలోంచి దాని పేరు కొట్టేయడం ఎవరికీ గుర్తురాలేదు.

పేజీ జవాబిచ్చింది. దూరం నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు. ప్రయాణ సమయం నలభై మూడు నిమిషాలు. పైకి లేవడం, కిందికి దిగడం అందులోనే కలిపి.

ఫణిభూషణరావు అది రాసి సంతకానికి పెట్టాడు. జిల్లా ఆరోగ్య ప్రణాళికాధికారి సర్వోత్తమరావుగారు సంతకం చేశారు. గంటలోపు చేరగల పెద్దాసుపత్రి ఉన్నచోట చిన్న ఆసుపత్రిలో డయాలసిస్ అక్కర్లేదని పైన ఒక నియమం ఉంది. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తుమ్మలమెట్ట యంత్రాలు నాలుగూ పట్నానికి తరలించవలెను. దాని పేరు హేతుబద్ధీకరణ.

యంత్రాలు తరలించేరోజు ఆసుపత్రి ఆవరణలో సభ పెట్టారు. ‘నలభై మూడు నిమిషాల జిల్లా’ అని బ్యానరు కట్టారు. రోగులందరూ విధిగా హాజరు కావాలన్నారు. కాబట్టి ఆదెమ్మా నేనూ వెళ్లి ముందువరస కుర్చీల్లో కూర్చున్నాం.

“సోదర సోదరీమణులారా,” అన్నారు సర్వోత్తమరావుగారు. “నిన్నటిదాకా మనం పట్నానికి దూరంగా ఉన్నామనే అపోహలో జీవించాం. ఇది తరతరాల వెనకబాటుతనం వల్ల కలిగిన భావన. శాస్త్రీయంగా పరిశీలించగా మనం నలభై మూడు నిమిషాల్లో ఉన్నట్టు వెల్లడైంది. ఈ దగ్గరితనాన్ని సాధించిన ఘనత మన కార్యాలయానిది.”

చప్పట్లు కొట్టారు. ఆయన వెనకాల నలుగురు కూలీలు యంత్రాన్ని లారీలోకి ఎక్కిస్తున్నారు.

“ఏమయ్యా,” అంది ఆదెమ్మ నా చెవిలో. “ముప్పై నాలుగేళ్లు గొలుసు లాగితివి గదా. ఒక్క అంగుళమన్నా దగ్గర చెయ్యగలిగావా? ఈయన చూడు, కుర్చీలో కూచోని పట్నాన్నే ఈడ్చుకొచ్చాడు.”

లారీ పదిన్నరకు బయల్దేరింది. దారి కాయితంలో చేరవలసిన సమయం పదకొండూ పదమూడు అని రాసిచ్చారు. అది రాత్రి తొమ్మిదికి చేరింది. మధ్యలో తొమ్మిది గంటల నలభై ఏడు నిమిషాలు ప్రభుత్వ యంత్రాలతో ఎక్కడున్నావో తెలపమని డ్రైవరుకు మెమో ఇచ్చారు. రోడ్డుమీద ఉన్నానని అతను రాసిచ్చాడు. సదరు రోడ్డుకు కార్యాలయంలో దాఖలా లేదని తిరిగి రాశారు.

మర్నాడు రోగులకు కార్డులు ఇచ్చారు. ఫణిభూషణరావే పిలిచి ఇచ్చాడు.

“ఆదెమ్మకు బుధవారం, శనివారం. ఏడూ పదిహేడుకి బయల్దేరండి. సరిగ్గా ఎనిమిదింటికి పట్నంలో బెడ్డు. కొంచెం ముందే ఉండమనండి.”

“ఫణిభూషణరావుగారూ, బస్సుకే ఏడు గంటలు.”

“బస్సు సంగతి నాకు చెప్పొద్దు మాలకొండయ్యా. ఫైల్లో బస్సు లేదు.”

“ముందురోజు సాయంత్రమే బయల్దేరతాం.”

“కుదరదు. కార్డుమీద బయల్దేరే సమయం వేశాం. ముందురోజు పోతే బయల్దేరకముందే చేరినట్టు పడుతుంది. కంప్యూటరు తీసుకోదు.”

తీసుకోలేదు. ఒకసారి ముందురోజు వెళ్లి చూశాం. పొద్దున ఎనిమిదింటికి మంచం దగ్గర నిలబడి ఉన్నా, ఈమె ఇంకా తుమ్మలమెట్టలో ఉంది అని కంప్యూటరు చూపించింది. అక్కడి నర్సు పాపం మంచి పిల్ల. ఆదెమ్మను చూసింది, కంప్యూటరును చూసింది. “అమ్మా, మీరు ఇంకా రాలేదు,” అంది. కార్డు ప్రకారం వెళితే మధ్యాహ్నం రెండున్నరకు చేరేవాళ్లం. గైరుహాజరు వేసేవాళ్లు. బతిమాలితే ఎవరైనా రానిచోట పడుకోబెట్టేవాళ్లు. ఒకసారి పడుకోబెడితే రెండుసార్లు లేదనేవాళ్లు.

సర్వోత్తమరావుగారికి మాత్రం నలభై మూడు నిమిషాలు బాగా కలిసొచ్చాయి. పట్నంలో పదకొండింటికి సమావేశం అంటే ఆయన పదీ పదిహేడుకి బయల్దేరుతున్నట్టు కబురు పంపేవారు. పదకొండింటికి అక్కడ హాజరైనట్టు రాసుకునేవాళ్లు. మా ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు ఖాజావలి మొన్నమొన్నటిదాకా ఆయన జీపు నడిపేవాడు. వాడు చెప్పాడు.

“మొదట్లో పోయేవాళ్లం మామా. మేం పోయేసరికి అక్కడ చీపుర్లు పట్టుకోని ఊడుస్తుండేవాళ్లు. ఒకసారి సారుకి మినిట్సు కాయితం ఇచ్చారు. దాంట్లో సారు వచ్చినట్టుంది, మాట్టాడినట్టుంది, సారు చెప్పిందానికి అందరూ ఒప్పుకున్నట్టు గూడా ఉంది. ఇంక ఆ తర్వాత పోవడం మానేశాడు. ఇంట్లో కూచోనే పోయొస్తాడు.”

రెండు నెలలకు పట్నం ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. తుమ్మలమెట్ట రోగులు వరసగా గైరుహాజరు అవుతున్నారు, వారికి వైద్యంపట్ల ఆసక్తి లేదని భావించవలసి వస్తుంది అని. సర్వోత్తమరావుగారు విచారణ జరిపారు. తప్పు ఎక్కడుందో కనిపెట్టారు. నలభై మూడు నిమిషాలు విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి. రోగులేమో ఇళ్లనుంచి బయల్దేరుతున్నారు. ఎక్కడపడితే అక్కడినుంచి బయల్దేరితే లెక్క ఎట్లా కుదురుతుంది?

కొత్త ఉత్తర్వు వచ్చింది. రోగులను అంబులెన్సులో ముందు మా విమానాశ్రయానికి తీసుకుపోవాలి. అక్కడ ఏడూ పదిహేడు బదులు ఆరున్నరకే కార్డుమీద బయల్దేరినట్టు ముద్ర వేయించాలి. అక్కడినుంచి పట్నం వెళ్లాలి. పట్నంలో ఆసుపత్రి ముందునుంచే పోతూ ఆగకుండా, ఇంకో నలభై కిలోమీటర్లు అవతల ఉన్న అక్కడి విమానాశ్రయానికి వెళ్లాలి. చేరినట్టు ముద్ర వేయించాలి. వెనక్కి తిరిగి ఆసుపత్రికి రావాలి. పట్నం విమానాశ్రయంలోకి టిక్కెట్టు లేనివాణ్ణి పోనివ్వరు కాబట్టి గేటు బయట ఒక బంట్రోతును ముద్రతో, గొడుగుతో నిలబెట్టారు.

ఇక్కడ ముద్ర వేసే పని యలమందకు ఇచ్చారు. సిమెంటు నేలమీద మిరపకాయలు ఎండబోసుకుంటున్న రైతు. ప్రయాణమార్గానికి అడ్డమని ఆయన కాయలు ఎత్తించేశారు. దానికి బదులుగా ఈ ఉద్యోగం.

ఆదెమ్మను చూడగానే యలమంద లేచి నిలబడ్డాడు. “వదినా, ఏం అనుకోబాక. వేసేది ముద్రే గానీ సిగ్గుగా ఉంది.”

“నీకేం సిగ్గయ్యా. నువ్వు కాయలు పోగొట్టుకున్నావు, నేను కిడ్నీలు పోగొట్టుకున్నా. ఇద్దరం విమానం ఎక్కుతున్నాం. కొట్టు.”

“కుర్చీలో కూచుంటావా?”

“కిటికీ పక్క సీటియ్యి.”

ఇదంతా నవ్వుతాలుకే అంటుందని యలమంద నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పటికి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

ఆమె పోయింది ఒక శనివారం. దానికి ముందు రెండుసార్లూ గైరుహాజరే. పది రోజులుగా రక్తం శుభ్రపడలేదు. బండిలో ఆమెతోపాటు ఇంకో ఇద్దరు రావాలి. ఒకాయనకు జ్వరం. రెండో ఆయన ఆ రోజుకు రానన్నాడు, ఇంట్లో పోతేనే నయమన్నాడు. ఆదెమ్మా, నేనూ, ముందు ఖాజావలీ, అంతే. ఆరున్నరకు యలమంద ముద్ర కొట్టాడు. మళ్లీ ఊరిమీదుగా వెనక్కి వచ్చి పట్నం రోడ్డు ఎక్కాం. మొదటి రైలుగేటు దగ్గర ముప్పావుగంట ఆగాం. ఘాటులో ఒక లారీ అడ్డంగా పడి ఉంది, గంటన్నర. పన్నెండు దాటాక ఆదెమ్మకు ఊపిరి అందలేదు. ఖాజావలి పక్కకు తీసి ఆపాడు. చెరుకురసం అమ్మే మనిషి గ్లాసు కడిగి నీళ్లు తెచ్చింది. తెచ్చేసరికి అక్కర్లేకపోయింది.

నేను గడియారం చూశాను. రాయి చూశాను. అలవాటు.

“మామా,” అన్నాడు ఖాజావలి. “పట్నం పోదామా, వెనక్కి పోదామా?”

“వెనక్కి.”

మరణ ధ్రువపత్రం ఎక్కడ చనిపోతే అక్కడ ఇస్తారు. పదో రోజు అయ్యాక రాయి ఉన్న ఊరి పంచాయతీకి వెళ్లాను. కార్యదర్శి నా కాయితాలు తిరగేశాడు. కార్డుమీద ముద్ర దగ్గర ఆగాడు.

“ఆరున్నరకు బయల్దేరినట్టుంది గదా పెద్దాయనా. జిల్లా ఉత్తర్వు ప్రకారం ఏడూ పదమూడుకి పట్నంలో ఉండాలి. పన్నెండూ పదికి మా పొలిమేరలో ఆ మనిషే లేదు. లేని మనిషి పోయిందని నేనెట్టా రాసేది?”

పట్నం వెళ్లాను. అక్కడ చేరినట్టు ముద్ర లేదు. చేరని మనిషి ఇక్కడ ఎట్లా పోతుందన్నారు. తుమ్మలమెట్ట వచ్చాను. బయల్దేరినట్టు ముద్ర ఉంది కాబట్టి ఇక్కడా లేదన్నారు. ఇంటికొచ్చేసరికి ఆదెమ్మ పేర ఒక మెమో వచ్చి ఉంది. వరసగా మూడుసార్లు గైరుహాజరైనందుకు స్వయంగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవలెను.

అప్పుడు కూర్చుని పటం వేశాను. నాకు వచ్చిన పని అదే. మళ్లీ ఆ రాయి దగ్గరికి వెళ్లి టేపు పట్టి కొలిచాను. రాయి నుంచి బండి ఆగిన చోటికి, బండి నుంచి చెరుకురసం కొట్టుకు, కొట్టు నుంచి కల్వర్టుకు. పొలం హద్దు తగాదాకు వేసినట్టే వేశాను. కింద సమయం రాశాను. ఆ కొట్టు ఆవిడ వేలిముద్ర వేసింది. ఖాజావలి సంతకం చేశాడు.

పత్రం నాకెందుకని అడిగినవాళ్లున్నారు. ఆదెమ్మ పోయిందని నాకు కాయితం అక్కర్లేదు. రాయి నంబరూ, గంటా నిమిషమూ ఒక సర్కారు కాయితం మీద పక్కపక్కన పడాలి. అంతే కావాలి. ఆరున్నరకు ముద్ర పడిన బండి పన్నెండూ పదికి ఇంకా నూట తొంభై ఆరులోనే ఉందని సర్కారే రాస్తే నలభై మూడు నిమిషాలు అబద్ధమని సర్కారే ఒప్పుకున్నట్టు. అబద్ధమైతే యంత్రాలు వెనక్కి రావాలి. పదకొండుమందిలో పదిమంది ఇంకా ఆ బండి ఎక్కుతున్నారు.

పటం చూడగానే ఫణిభూషణరావుకు అర్థమైంది. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

“మాలకొండయ్యా, నువ్వడిగేది చావు కాయితం కాదు. ఫైలు దిద్దమంటున్నావు.”

“మీరేమనుకున్నా సరే.”

“ఫైల్లో పడ్డ అంకెను ఇంకో ఫైలే మార్చాలి. మనుషులు మార్చకూడదు.”

“మనిషి చస్తే?”

“చచ్చినా.” పటాన్ని ఫైల్లో పెడుతూ, “సార్ దగ్గర విచారణకు పెడతాను. నా చేతిలో ఉన్నది అదే,” అన్నాడు.

విచారణ సర్వోత్తమరావుగారి గదిలో జరిగింది. నన్నూ ఖాజావలినీ పిలిచారు. ఫణిభూషణరావు టైపు మిషను లాంటి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సర్వోత్తమరావుగారు నా పటాన్ని దూరంగా పట్టుకుని చూశారు, దగ్గరగా పట్టుకుని చూశారు.

“చక్కగా వేశారు. ఇటువంటి పటం తోసిపుచ్చే అధికారం నాకు లేదు. స్థలం అంగీకరించడమైనది.”

ఫణిభూషణరావు టైపు చేశాడు. ఖాజావలి నా చెయ్యి నొక్కాడు.

“సదరు స్థలం నూట తొంభై ఆరో కిలోమీటరు,” అన్నారు సర్వోత్తమరావుగారు. “పట్నానికి దూరం నూట అరవై ఎనిమిది. కనుక సదరు వాహనం పట్నం దాటి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు ముందుకు పోయినట్టు ఈ పటమే రుజువు చేస్తున్నది.”

ఫణిభూషణరావు అదీ టైపు చేశాడు.

“డ్రైవరుగారూ, పట్నంలో ఎందుకు ఆపలేదు?”

“పట్నం రాలేదు సార్!”

“రాకుండా ఎట్లా దాటారు?”

“దాటితే నాకు కనపడదా సార్? అంత ఊరు! మేడలుంటయ్, వంతెనలుంటయ్, సిగ్నళ్లుంటయ్. చెరుకురసం బండి ఒక్కటుందక్కడ.”

“అది మీ సంజాయిషీలో రాయండి.”

“సార్,” అన్నాను నేను. “అదే రాయికి రెండో వైపు పట్నం అరవై ఆరు అని ఉంది. పటంలో రాశాను చూడండి.”

ఆయన చూశారు. “ఒక రాయికి ఒక అంకె చాలు. రెండు పెట్టడం రోడ్ల శాఖవారి దుబారా.” తర్వాత ఫణిభూషణరావుతో, “నూట అరవై ఎనిమిదికి నలభై మూడైతే నూట తొంభై ఆరుకు ఎంత?” అన్నారు.

ఫణిభూషణరావు వేళ్లు ఆగాయి. “యాభై సార్.”

“ఆరున్నరకు యాభై కలిపితే ఏడూ ఇరవై. మరణ స్థలం, అర్జీదారు కోరినట్టే, నూట తొంభై ఆరో కిలోమీటరు రాయి. మరణ సమయం ఉదయం ఏడూ ఇరవై. చూశారా, అంతా సరిపోయింది.”

“ఏడూ ఇరవైకి ఆవిడ బతికే ఉంది.”

“ఆధారం?”

“నాతో మాట్లాడుతున్నది.”

సర్వోత్తమరావుగారు ముందుకు వంగారు. ఆయన మొహంలో నిజంగానే ఆసక్తి కనపడింది. “ఆ సంగతి ముందే చెప్పవలసింది. మాట్లాడిన విషయాలు వాంగ్మూలంగా దాఖలు చేయండి. ఏడూ ఇరవై తర్వాత మృతురాలు సజీవంగా ఉన్నట్టు తేలితే సమయం సవరించే అధికారం నాకుంది.”

“అవి ఇంటి మాటలు.”

“ఆధారమే అడుగుతున్నాం.”

“చెప్పు మామా,” అన్నాడు ఖాజావలి. వాడి కళ్లల్లో నీళ్లున్నాయి. “నువ్వు చెప్తే పదిమంది బతుకుతారు. నేను ముందు కూచుని అన్నీ వినలేదు. చెప్పు.”

చెప్పాను. నలభై ఒక్కేళ్లు కాపురం చేసిన మనిషి ఆఖరి పొద్దు ఏం మాట్లాడిందో, నలుగురు మగవాళ్లున్న గదిలో, ఒకడు టైపు చేస్తుండగా చెప్పాను. సొరపాదు పందిరి ఒరిగింది, గుంజ వెయ్యమంది. ఎదురింటివాళ్ల చేట మన దగ్గరే ఉండిపోయింది, ఇచ్చెయ్యమంది. బర్రెను నమ్మినవాళ్లకే అమ్మమంది, నేను ఊరికే కోప్పడతానని, కోప్పడితే అది పాలు చేపదని అంది. పెళ్లయిన కొత్తలో నేను సర్వే పనిమీద నెల్లాళ్లు రాకపోతే ఏమనుకుందో చెప్పింది. అది నాకు నలభై ఒక్కేళ్లుగా తెలియదు. ఎంత దూరమొచ్చామని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ రాయి చూసి చెప్పాను. ఇంకొన్ని చెప్పింది. అవీ చెప్పాను. ఏదీ దాచుకోలేదు.

నాలుగు పేజీలయ్యాయి.

“చదవండి,” అన్నారు సర్వోత్తమరావుగారు. చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టారు.

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఫణిభూషణరావు చదివాడు. ఆఫీసు గొంతుతో, తల ఎత్తకుండా చదివాడు. సదరు మృతురాలు సొరపాదునకు గుంజ పాతవలసినదిగా భర్తకు సూచించినది. సదరు మృతురాలు భర్త కోపస్వభావమునుగూర్చి అభ్యంతరము తెలిపినది. ఆ కొత్తలోని సంగతి దగ్గర మాత్రం ఒక్కసారి తల ఎత్తాడు. మళ్లీ దించుకుని చదివాడు.

“పన్నెండు నిమిషాలు,” అన్నారు సర్వోత్తమరావుగారు. “దూరం గురించిన ప్రశ్న మూడుసార్లు వచ్చింది. పునరుక్తి. రెండు తీసేయండి. పదకొండున్నర అనుకుందాం.” కాయితంమీద లెక్క వేశారు. “యాభై నిమిషాల ప్రయాణంలో పదకొండున్నర నిమిషాల సంభాషణ. ఇంకా ముప్పై ఎనిమిదిన్నర నిమిషాలు మిగిలాయి. అంటే మృతురాలు చెప్పదలచినదంతా ఏడూ ఇరవైలోపు సావకాశంగా చెప్పి, తదుపరి మరణించినట్టు వాంగ్మూలమే ధ్రువపరుస్తున్నది.”

“మధ్యలో ఊరుకున్నాం,” అన్నాను. “ఒక మాట అనడం, ఊరుకోవడం. గంటలు ఊరుకున్నాం.”

“ఊరుకున్నదానికి రికార్డు ఎక్కడుంటుంది మాలకొండయ్యగారూ?”

ఖాజావలి ఏదో అనబోయాడు. రోగిని గమ్యం దాటించి తీసుకుపోయిన నేరానికి వాడి చేతిలో మెమో పెట్టారు.

పత్రం ఆరోజే ఇచ్చారు. ప్రభుత్వం ఎవరి పని అయినా అంత వేగంగా చెయ్యడం నేను చూడలేదు. స్థలం రాయి నంబరుతో సహా నేను అడిగినట్టే ఉంది. సమయం ఉదయం ఏడూ ఇరవై. దాన్నిబట్టి నా భార్య రైలుగేటు దగ్గర మాట్లాడింది చనిపోయాక. ఘాటులో మాట్లాడింది చనిపోయాక. చివరిసారి ఎంత దూరమని అడిగింది చనిపోయి నాలుగున్నర గంటలయ్యాక.

నేను మెట్లు దిగుతుంటే ఫణిభూషణరావు వెనకనుంచి వచ్చాడు. చుట్టూ చూసి నా భుజంమీద చెయ్యి వేశాడు.

“అప్పీలుంది మాలకొండయ్యా. ముప్పై రోజుల్లో పై కమిటీకి వేసుకోవచ్చు. అక్కడ కాయితం చూడరు, మనిషి నోటితోనే మళ్లీ చెప్పాలి. నా మాట విను. ఈసారి నిదానంగా చెప్పు. ఒక మాట అని ఆగు. కాసిని మంచినీళ్లు తాగు. ఏడుపొస్తే ఆపుకోవద్దు, అదీ లెక్కలోకే వస్తుంది. గుర్తులేనివి ఏవన్నా ఉంటే నాలుగు కలుపు. యాభై నిమిషాలు దాటించావంటే కేసు నీదే. యంత్రాలు తిరిగొస్తాయి. నేను గ్యారంటీ.”

అతను మనస్ఫూర్తిగానే చెప్పాడు. సాయం చేస్తున్నాననుకున్నాడు. అతని చెయ్యి భుజం మీదనుంచి తీసి పక్కన పెట్టాను.

ముప్పై రోజులూ అయిపోయాయి. అప్పీలు వెయ్యలేదు. ఖాజావలి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి బతిమాలాడు. రెండోసారి తిట్టాడు. “నువ్వు నోరిప్పితే చాలు గదా మామా, నీదేం పోతుంది?” అన్నాడు. ఏం పోతుందో వాడికి చెప్పలేదు. యలమంద పదిమందిలో ఇప్పుడు ఎనిమిదిమందికే ముద్రలు కొడుతున్నాడట. ఆ ఇద్దరి లెక్కా నామీద వేసుకోమంటే వేసుకుంటాను. కానీ ఆవిడ మాటలు ఇంకోసారి ఇంకొకడి గడియారం ముందు పరచను. ఒకటి కలపను. ఒకటి సాగదీయను.

ఇది రాసింది ఒకసారి కాయితం మీద ఉండాలని. ఆవిడ గురించి నన్నెవరూ అడగొద్దు. అడిగినా చెప్పను. ఇవాళ కాదు, ఎప్పుడూ కాదు.